ముందు కన్ను, తరవాత చెయ్యి

మన యానాంలో జూ లేదు. గౌతమీ గోదావరి ఉంది. కాకినాడ వెళ్ళే దారిలో కోరంగి మడ అడవి ఉంది. జూ చూడాలంటే మాత్రం విశాఖపట్నం వెళ్ళాలి, లేదంటే తిరుపతో హైదరాబాదో వెళ్ళాలి. అయినా ఈ పూట జూలో ఉద్యోగం గురించే మాట్లాడదామని వచ్చాను.

ఎందుకంటే, నేను చాలా ఏళ్ళు పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. ఇంటరు పూర్తయ్యే వేళకు ప్రతి ఏడాదీ ఒకరో ఇద్దరో నా దగ్గరకొచ్చి అడిగేవారు. "మాస్టారూ, నాకు జంతువులంటే ప్రాణం. వాటి దగ్గర ఉండే ఉద్యోగం ఏదైనా ఉందాండీ?" అని. రెండు రోజులు పోయాక వాళ్ళ నాన్నగారు కనపడేవారు. "జంతువులేంటండీ, బ్యాంకు పరీక్షలు రాయమని మీరైనా చెప్పండి" అనేవారు. ఈ పూట ఆ పిల్లలతోనూ, వాళ్ళ అమ్మానాన్నలతోనూ కలిపి మాట్లాడుతున్నాను. రేడియో దగ్గర ఇద్దరూ ఉంటే మరీ మంచిది.

జూ అనగానే మనకు పులికి మాంసం వేసే మనిషి గుర్తొస్తాడు. కీపరు. మేత వెయ్యడం, బోను కడగడం, ఇంతేగా ఆయన పని అనుకుంటాం. ఆ రెండూ ఉన్నాయి. రోజూ ఉన్నాయి. కానీ ఆయన పనిలో పెద్ద భాగం చూడటం. ఈ మాట మీకు మళ్ళీ మళ్ళీ చెబుతాను, గుర్తుండిపోవాలని. ముందు కన్ను, తరవాత చెయ్యి.

ఒకసారి విశాఖ జూలో పొద్దున్నే ఒక కీపరు వెంట నడిచాను. యాభై దాటిన మనిషి. చుక్కల దుప్పుల దగ్గర పని ఆయనకు. గేటు దగ్గర మందు కలిపిన నీళ్ళ తొట్టి ఉంది. అందులో కాళ్ళు తడిపి, నన్నూ తడపమన్నాడు. బయటి రోగం మన చెప్పుల వెంట లోపలికి పోకూడదు కదా, అందుకు. తాళం తియ్యలేదు. కంచె బయటే నిలబడి దుప్పుల్ని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఒక దుప్పి మందకు కాస్త ఎడంగా నిలబడి ఉంది. నాకైతే అందులో తేడా ఏమీ తెలియలేదు. "అది నెమరెయ్యట్లేదండి మాస్టారూ" అన్నాడు.

అప్పుడు తాళం తీసి లోపలికెళ్ళాం. నేల మీద పెంటికలు చూశాడు. విడివిడిగా గట్టిగా ఉన్నాయా, మెత్తగా ముద్దకట్టాయా అని వంగి మరీ చూశాడు. తొట్టిలో నిన్నటి మేత ఎంత మిగిలిందో చూశాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రెండు ముక్కలు రాసుకున్నాడు. ఆ తరవాత డాక్టరు గారికి ఫోను చేశాడు. అప్పటికి ఆయన ఒక్క గడ్డిపరక కూడా వెయ్యలేదు. అయినా ఆ పొద్దుటి పనిలో ముఖ్యమైనది అయిపోయింది.

అంతలా చూడటం ఎందుకంటారా? అడవి జంతువు తన జబ్బును దాచుకుంటుంది. అడవిలో కుంటుతూ కనపడ్డ దుప్పిని పులి ముందు పట్టుకుంటుంది. కాబట్టి ఒంట్లో బాగా లేకపోయినా బాగానే ఉన్నట్టు నిలబడటం వాటికి పుట్టుకతో వచ్చింది. మన కళ్ళకు జబ్బు కనపడేసరికి చాలాసార్లు చెయ్యి దాటిపోతుంది. రోజూ చూసే కీపరు ఒక్కడికే ఆ చిన్న తేడా ముందుగా తెలుస్తుంది.

హైదరాబాదు సంగతి చెబుతాను. అక్కడి నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 నుంచి జనానికి తెరిచి ఉంది. 2021 ఏప్రిల్, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులు. మనుషులకే ఆసుపత్రుల్లో మంచాలు లేవు. ఆ రోజుల్లో అక్కడి సింహాలు తిండి సరిగా తినడం లేదని, ముక్కు కారుతోందని, దగ్గు ఉందని వాటిని చూసుకునేవాళ్ళు గమనించారు. పైవాళ్ళకు చెప్పారు. సింహాలకు మత్తిచ్చి నమూనాలు తీసి సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ప్రయోగశాలకు పంపారు. 8 సింహాలకు కరోనా ఉందని మే మొదటి వారంలో తేలింది. మన దేశంలో జంతువులకు కరోనా సోకినట్టు బయటపడటం అదే మొదలు. వాటిని విడిగా ఉంచి వైద్యం చేశారు. అన్నీ కోలుకున్నాయి.

అందులో శాస్త్రవేత్తల పాత్ర ఉంది, పశువైద్యుల పాత్ర ఉంది. వాళ్ళకు దండం పెట్టాలి. కానీ మొదటి మాట ఎవరిది? "ఇవాళ ఇది సరిగా తినలేదండి" అన్న మనిషిది. ఆ మాట ఆలస్యమై ఉంటే ప్రయోగశాల దాకా కథే వెళ్ళేది కాదు.

ఇప్పుడు యానాం పిల్లలతో ఒక మాట. మీ ఇంట్లో గేదె ఉందా? మీ తాతగారింట్లోనైనా ఉందా? అయితే ఈ విద్యలో మీకు కొంత ముందే వచ్చు. గేదె కుడితి ముట్టకపోతే మీ నాన్నమ్మ దాని మూతి తడిమి చూస్తుంది. చెమ్మ లేకుండా పొడిగా ఉంటే జ్వరం అంటుంది. పేడ చూసి అజీర్తో కాదో చెబుతుంది. గాలికుంటు వచ్చిన ఊళ్ళో నుంచి పశువును తోలుకొస్తే వెంటనే మందలో కలపనివ్వదు. జూలో కూడా కొత్తగా వచ్చిన జంతువును కొన్నాళ్ళు విడిగా ఉంచే మిగతావాటితో కలుపుతారు. మీ నాన్నమ్మ దగ్గర నేర్చుకోదగ్గది చాలా ఉంది. అడిగి నేర్చుకోండి.

ఒక్క తేడా మాత్రం ఉంది. అది ప్రాణం మీదికొచ్చే తేడా. గేదెకు మనం మచ్చిక. జూలో జంతువు మచ్చికైనట్టు కనపడుతుంది, కాదు. పదేళ్ళు చేత్తో తిండి పెట్టినా ఎలుగుబంటి ఎలుగుబంటే.

విశాఖలోనే, 2023 నవంబరులో, ఒక యువ కీపరు పనిలో ఉండగా హిమాలయ నల్ల ఎలుగుబంటి దాడి చేసి చంపేసింది. బోను శుభ్రం చెయ్యడానికి వెళ్ళాడు. పాతికేళ్ళు కూడా లేవు ఆ అబ్బాయికి. ఆ వార్త విన్న రోజు నుంచి ఈ ఉద్యోగం గురించి ఎవరు అడిగినా నేను జీతం కంటే ముందు తలుపుల గురించి చెబుతున్నాను.

తలుపుల పద్ధతి ఇదీ. కొంచెం నిదానంగా వినండి. పెద్ద జంతువులున్న చోట జంతువు తిరిగే ఆవరణ ఒకటి ఉంటుంది. దాన్ని ఆనుకుని గది ఒకటి ఉంటుంది. రెంటికీ మధ్య జారే తలుపు. ఆ తలుపును కీపరు బయటి నుంచే, కమ్మీతోనో తాడుతోనో లాగి దించుతాడు. ఆవరణ కడగాలంటే ముందు జంతువును గదిలోకి పిలవాలి. వెళ్ళిందా? వెళ్ళిందనుకోవడం కుదరదు. కళ్ళతో చూడాలి. రెండు జంతువులుంటే రెండూ గదిలో కనపడాలి. తలుపు దించాలి. తాళం వెయ్యాలి. తాళాన్ని లాగి చూడాలి. పక్కన రెండో మనిషి ఉండి, ఆయన కూడా చూడాలి. ఆ తరవాతే ఆవరణలో కాలు పెట్టాలి. మళ్ళీ చెబుతున్నాను. జంతువును కళ్ళతో చూడాలి, తాళం లాగి చూడాలి, రెండో మనిషి ఉండాలి. ఇది వెయ్యిసార్లు చేశాక కూడా మొదటిసారి చేసినట్టే చెయ్యాలి. శిక్షణ అంటే అసలు ఇదీ. పుస్తకంలో పది నిమిషాల్లో చదివెయ్యొచ్చు. ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. అందుకే కొత్తగా చేరినవాణ్ణి మొదటి రోజునే పెద్ద జంతువు దగ్గరకు ఒంటరిగా పంపకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ జూ అయినా సరే, ఏ గుత్తేదారు పెట్టుకున్న మనిషి అయినా సరే. కొన్నాళ్ళు పాత కీపరు వెనక నడవనివ్వాలి.

సరే, చదువు సంగతికి వద్దాం. అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నది దీనికోసమేగా.

మన దేశంలో జూలను నడపడానికి చట్టం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి తరవాత చేసిన సవరణతో 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా జూ నడపడానికి వీల్లేదు. పనిలో ఉన్న కీపర్లకూ, జూ పశువైద్యులకూ, అధికారులకూ ఆ సంస్థే శిక్షణ తరగతులు పెట్టిస్తుంది. అయితే కీపరుగా చేరడానికి మన దగ్గర ప్రత్యేకంగా ఒక డిగ్రీ అంటూ లేదు. చాలా చోట్ల చదవడం రాయడం వచ్చి, ఒంట్లో సత్తువ ఉంటే తీసుకుంటున్నారు. తండ్రి కీపరైతే కొడుకూ అదే పనిలోకి వచ్చిన కుటుంబాలున్నాయి. చాలామంది ఔట్‌సోర్సింగ్ మీదనో, రోజు కూలి మీదనో పనిచేస్తున్నారు. ఇది దాచిపెట్టి మీకు ఆశ పెట్టను. ఇంత నేర్పు కావాల్సిన పనికి, ఇంత ప్రమాదం ఉన్న పనికి, భద్రత ఉన్న ఉద్యోగమూ మంచి జీతమూ ఉండాలి. ఈ మాట వినాల్సినవాళ్ళు కూడా రేడియో వింటారని నమ్ముతున్నాను.

కాబట్టి పదో తరగతితో ఆగకండి. పదో తరగతి తరవాత ఆంధ్రప్రదేశ్‌లో పశుసంవర్ధక పాలిటెక్నిక్కులు ఉన్నాయి. రెండేళ్ళ డిప్లొమా. పశువును పట్టుకోవడం, టీకా, దాణా లెక్క, గాయానికి కట్టు, ఇవన్నీ చేత్తో చేయించి నేర్పుతారు. రేపు జూలో చేరినా, పశువుల ఆసుపత్రిలో చేరినా, ఊళ్ళో పాడి పెట్టుకున్నా ఆ చదువు వృథా పోదు. జంతువుల దగ్గర చేతిపని ఇష్టమైన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

డాక్టరు కావాలనుకుంటే బీవీఎస్సీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. ఇక్కడ యానాం పిల్లలు చెవులు రిక్కించి వినాలి. మనం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం వాళ్ళం. మనకు సొంత పశువైద్య కళాశాల ఉంది. పుదుచ్చేరి కురుంబపేటలో ఉన్న రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ అది. ప్రవేశాలు సెంటాక్ అనే సంస్థ చూస్తుంది. సెంటాక్ ప్రవేశాల్లో యానాం ప్రాంతానికి ప్రాంతీయ రిజర్వేషన్ ఉంది. మన దగ్గర ఇంటరు బైపీసీ చదివే పిల్లలందరూ ఎంబీబీఎస్ ఒక్కటే కళ్ళ ముందు పెట్టుకుంటారు. అది రాకపోతే అక్కడే ఆగిపోతారు. దరఖాస్తులో పశువైద్యం అన్న గడి కూడా ఉంటుంది, చూడండి. ఆ సీటు తీసుకుని, తరవాత పీజీలో వన్యప్రాణుల వైపు వెళ్ళొచ్చు. ఏనుగుకు మత్తు సూది ఎంత మోతాదులో వెయ్యాలో, లేచేదాకా ఎలా కాచుకోవాలో అక్కడ నేర్చుకుంటారు.

ఇంకో దారి జీవశాస్త్రవేత్త. మన యానాంలోనే డాక్టర్ ఎస్సార్కే ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఉంది. డిగ్రీ అయ్యాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జువాలజీ ఎమ్మెస్సీ చెయ్యొచ్చు. పట్టుదల ఉంటే డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. జూలో జీవశాస్త్రవేత్త ఏం చేస్తారంటే, ఏ జంతువు ఏ జంతువుకు పుట్టింది, దేన్ని దేనితో జతకట్టించాలి, పిల్లలు బతకాలంటే ఏం మార్చాలి, ఈ లెక్కలు చూస్తారు. విశాఖ జూ సంగతే తీసుకోండి. దాన్ని 1977లో జనానికి తెరిచారు. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంది. రేసుకుక్కల సంతతి పెంచే పనిలో దేశంలోని జూలన్నిటిలో అది ముందుంది. అడవిలో మందలుగా వేటాడే ఆ ఎర్ర కుక్కలు రానురాను తగ్గిపోతున్నాయి. చూడ్డానికొచ్చే జనం అలికిడి తగలకుండా వాటిని విడిగా పెంచుతారు. అక్కడ ఏ ఆడది ఎప్పుడు బొరియలో దూరింది, ఎన్నాళ్ళకు బయటకొచ్చింది అని రాసి పెట్టే కీపరు పుస్తకం లేకపోతే, జీవశాస్త్రవేత్త చేతిలో ఏమీ లేనట్టే. హైదరాబాదు జూలో మౌస్ డీర్ అనే కుందేలంత చిన్న జింకను పెంచి, సంతతి పెరిగాక నల్లమల అడవిలో వదిలారు. అదీ ఇలాంటి ఓపికతోనే అయింది.

అటవీ శాఖ ఉద్యోగాల దారి కూడా ఉంది. మన పక్క రాష్ట్రంలో ప్రభుత్వ జూలు అటవీ శాఖ కిందే నడుస్తాయి. బీటు అధికారి పోస్టుకు ఇంటరు, ఆ పైవాటికి డిగ్రీ అడుగుతారు. రాత పరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది. మగవాళ్ళు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, ఆడవాళ్ళు 16. అయితే యానాం వాళ్ళం అక్కడ స్థానికులం కాము. గోదావరి ఒకటే, భాష ఒకటే, కోటా మాత్రం వేరు. ప్రకటన వచ్చినప్పుడు స్థానికత గురించి రాసిన పేరా ముందు చదివి, తరవాతే ఫీజు కట్టండి.

పై దేశాల్లో దీన్ని పూర్తి చదువుగా చెప్పే చోట్లున్నాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో శాంటా ఫే కళాశాలకు సొంత జూ ఉంది. అక్కడి విద్యార్థులే జంతువుల్ని చూసుకుంటూ, పాఠం వింటూ కీపర్లవుతారు. మనకు అంత దూరం అక్కర్లేదు. మద్రాసులో 1855లో మొదలైన జూ ఇప్పుడు వండలూరులో ఉంది. మహాబలిపురం దారిలో మొసళ్ళ కేంద్రం ఉంది. రోములస్ విటేకర్ 1976లో మొదలుపెట్టారు. అక్కడ స్వచ్ఛందంగా పనిచెయ్యడానికి యువకుల్ని తీసుకుంటూ వస్తున్నారు. పుదుచ్చేరిలో చదివే మన పిల్లలకు ఆ రెండూ దగ్గరే. సెలవుల్లో ఇంటికొచ్చే ముందు కొన్నాళ్ళు అలాంటి చోట చెమటోడిస్తే, ఈ పని తమకు పడుతుందో లేదో తేలిపోతుంది.

పడుతుందో లేదో అన్నాను. ఎందుకన్నానో చెబుతాను. జంతువులంటే ప్రాణం అనే పిల్లల్లో చాలామంది వాటిని ముట్టుకోవాలనుకుంటారు, ఎత్తుకోవాలనుకుంటారు. మంచి కీపరు ముట్టుకోడు. అవసరమైతే తప్ప దగ్గరకు వెళ్ళడు. పండగ పూట కూడా పులికి ఆకలేస్తుంది కాబట్టి సంక్రాంతికి ఇంటికి రాలేడు. మే నెల ఎండలో గొట్టం పట్టుకుని ఏనుగుకు నీళ్ళు కొడుతుంటాడు. కోతులకు పొద్దుపోక గోడ కొరుకుతుంటే, చెక్కకు చిల్లులు పెట్టి అందులో శనగలు దాచి పెడతాడు. అవి వేళ్ళతో తవ్వుకుని తింటుంటే దూరం నుంచి చూస్తాడు. ఆ చూడటంలో సంతోషం ఉన్నవాళ్ళకే ఈ ఉద్యోగం. ఆడపిల్లలు కూడా నిక్షేపంగా చెయ్యగలరు. జారే తలుపుకు కమ్మీ లాగడంలో బలం కంటే శ్రద్ధ ఎక్కువ కావాలి.

చేరేదాకా ఆగక్కర్లేదు కూడా. చూడటం నేర్చుకోవడానికి మన పక్కనే కోరంగి ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ నీటికుక్కలున్నాయి. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉంది. పగలు కనపడదు. కానీ బురద మీద అడుగులుంటాయి. పోటు దిగాక, తెల్లవారు జామున ఏ అడుగు ఎటు పోయిందో చూడొచ్చు. శీతాకాలం చివర్లో సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఆ గుడ్లను కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. అక్కడ పనిచేసే అటవీ సిబ్బందిని అడిగి, వాళ్ళ అనుమతితో వెంట నడవండి. అనుమతి లేకుండా మాత్రం గుడ్డు ముట్టుకోవద్దు, అడవిలోకి వెళ్ళొద్దు. ముందు కన్ను, తరవాత చెయ్యి అన్నది అక్కడా వర్తిస్తుంది.

ఇక ఈ సెలవుల్లో విశాఖ వెళ్ళేవాళ్ళుంటే ఒక పని చెయ్యండి. సోమవారం జూకి సెలవు, ఆ రోజు వెళ్ళకండి. మిగతా ఏ రోజైనా గేటు తీసే వేళకే వెళ్ళండి. అన్నీ చూసెయ్యాలని పరుగెత్తకండి. ఒక్క జంతువును ఎంచుకుని గంటసేపు దాని ముందే నిలబడండి. ఎన్నిసార్లు లేచింది, ఏ కాలు ముందు వేసింది, ఏం తిని ఏం వదిలింది, పుస్తకంలో రాసుకోండి. తరవాత అక్కడి కీపరు గారికి తీరిక చిక్కినప్పుడు, "బాబాయ్ గారూ, నేను ఇవి చూశానండి, ఇంకేం చూడాలండీ?" అని అడగండి. ఆయన చెప్పింది కూడా ఆ పుస్తకంలోనే, కింద రాసుకోండి.